ఎగరడానికో కారణం

ఏ పక్షీ ఊరికే ఎగరదు. బోగోలు చుట్టుపక్కల కెమెరా పట్టుకుని తిరిగిన చలికాలపు ఉదయాలు నాకు నేర్పిన మొదటి పాఠం ఇది. ఆకాశంలో తేలుతున్న గద్దను చూసి అది హాయిగా షికారు చేస్తోందని మనం అనుకుంటాం. అది వేడిగాలి ఆసరాతో పైకి లేచి, రెక్క ఆడించే శ్రమ తప్పించుకుంటూ, కింద తిండి కోసం వెతుకుతూ ఉంటుంది. రెక్కలాడించడం పక్షికి అన్నిటికంటే ఖరీదైన పని. కొమ్మ మీద కుదురుగా కూర్చున్నప్పటి కంటే ఎగిరేటప్పుడు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. ఆ శక్తంతా ఒక్కో చేపా, ఒక్కో పురుగూ, ఒక్కో గింజా ఏరుకుని కూడబెట్టుకున్నది. దాన్ని అది వృథా చేయదు. తిండికో, గూటికో, జతకో, పిల్లలకో, వలసకో, భయానికో ఎగురుతుంది.

అందుకే ఎగిరే పక్షిని ఫొటో తీయడమంటే అది ఎగరడానికున్న కారణాన్ని ఫొటో తీయడమేనని నా నమ్మకం. ఆ కారణం తెలిసినవాడికే మంచి బొమ్మ దొరుకుతుంది. ఆ కారణం ఫొటో తీసేవాడే అయితే మాత్రం, బొమ్మ ఎంత స్ఫుటంగా వచ్చినా దాన్ని నేను మంచి బొమ్మ అనను.

బోగోలు నేల ఈ కారణాలను వరసగా పేర్చి చూపిస్తుంది. ఒక పక్క జాతీయ రహదారి, రైలు పట్టాలు, ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుతో పేరుపడిన బిట్రగుంట, ప్రసన్న వేంకటేశ్వరుడు కొలువున్న కొండ. అక్కణ్నుంచి తూర్పుకు కదిలితే చెరువులు, వరి కయ్యలు, రొయ్యల గుంటలు, బకింగ్‌హాం కాలువ, సరుగుడు తోటలు, ఆపైన జువ్వలదిన్నె, కప్పరాళ్లతిప్ప పల్లెపాలేలు, బంగాళాఖాతం. పట్టాల పక్క తీగల మీద ఏట్రింతలు, పసిరిక పిట్టలు పురుగుల కోసం కాచుకుని ఉంటాయి. కాలువ మీద నలుపు తెలుపుల లకుముకి పిట్ట గాల్లో ఒకే చోట రెక్కలు కొట్టుకుంటూ నిలబడి, ముక్కు కిందికి వాల్చి నీళ్లలోకి చూస్తుంటుంది. తీరంలో గరుడ పక్షులు వలలు దులిపే చోటుకు చేరతాయి. వాటిని చూసి ఇప్పటికీ చేతులు జోడించే పెద్దవాళ్లు మా వైపు ఉన్నారు. ఒక్క పూటలో ఇన్ని రకాల అవసరాలు కంటికి కనబడే చోటు దొరకడం ఫొటోలు తీసేవాళ్ల అదృష్టం.

వీటన్నిటిలోకీ నాకు ఎక్కువ నేర్పింది దమ్ము చేసే కయ్య. నెల్లూరు సీమకు ప్రధానమైన వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి. చెరువులు నిండి, నాట్లకు నేల సిద్ధం చేసేటప్పుడు ఇనప చక్రాల ట్రాక్టరు బురదను తిరగేస్తుంది. మట్టిలో దాక్కున్న పురుగులు, కప్పలు, పీతలు పైకి వస్తాయి. నిమిషాల్లో పశువుల కొంగలు చక్రాల వెంట నడుస్తుంటాయి. వాటి పైన మీసాల టెర్న్ అనే చిన్న తెల్లటి పిట్టలు, ఉత్తరాన ఎక్కడో మంచినీటి చిత్తడి నేలల్లో పిల్లలను పెంచి చలికాలానికి మన వైపు వచ్చేవి, గుంపుగా తిరుగుతుంటాయి. గాలికి ఎదురుగా నెమ్మదిగా ఎగురుతూ కయ్య పొడవునా వెతుక్కుంటూ వస్తాయి. ఒక్క క్షణం గాల్లో ఆగి, ఒరిగి, ముక్కుతో నీళ్లను తాకి లేస్తాయి. కయ్య చివరికి చేరాక గాలివాటుగా వేగంగా వెనక్కి పోయి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాయి.

ఒకసారి నేను వాటి వెనక గెనిమల మీద అటూ ఇటూ తిరుగుతుంటే ట్రాక్టరు తోలే అతను కేకేసి చెప్పాడు: "వాటి ఎనక యాడ తిరగతావన్నా? నేను మళ్లా ఈ గెనిమ కాడికే వస్తా గదా, అవీ నాతోనే వస్తాయి. ఈడ్నే కూసో." కూర్చున్నాను. పక్షులు వచ్చాయి, పోయాయి, మళ్లీ వచ్చాయి. ప్రతిసారీ నా ముందు నుంచే, దాదాపు ఒకే ఎత్తులో. కెమెరా పుస్తకాలు పేజీలకు పేజీలు చెప్పేదాన్ని అతను ఒక్క ముక్కలో చెప్పాడు. పక్షి దారి దాని తిండి దారే. తిండి దారి తెలిసినవాడికి పక్షి వెంట పడాల్సిన పని లేదు.

సముద్రం ఒడ్డునా ఇదే లెక్క. టెర్న్‌లు గుంపుగా నీళ్ల మీదికి దూకుతున్న చోట చేపల మంద ఉందని మత్స్యకారులు గుర్తుపడతారు. పక్షి ఎగరడానికి కారణం చదవడం వాళ్లకు బతుకు తెరువు. మనం సరదా కోసం నేర్చుకుంటున్న చదువును వాళ్లు తరతరాలుగా అవసరం కోసం చదువుతున్నారు. తీరంలో ఫొటోలు తీయబోయేవాళ్లకు నేను మొదట చెప్పేది కూడా అదే. కెమెరా సంచి తెరవకముందు, ఒడ్డున వల బాగు చేసుకుంటున్న పెద్దాయన దగ్గర కాసేపు కూర్చోండి. ఏ బోటు ఎప్పుడు వస్తుందో, చేపలు ఎక్కడ ఏరతారో, పిట్టలు ఎటు నుంచి దిగుతాయో ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

కారణం తెలిశాక రెండోది గాలి. పక్షి లేచేటప్పుడూ వాలేటప్పుడూ గాలికి ఎదురు తిరుగుతుంది. ఎదురుగాలి రెక్కల కింద ఆసరా అవుతుంది, నేల మీద పరుగు తగ్గిస్తుంది. మన తీరానికి చలికాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. పొద్దు ఆగ్నేయం వైపు నుంచి లేస్తుంది. కాబట్టి ఉదయాన సముద్రాన్ని వీపు వెనక పెట్టుకుని పడమరకు తిరిగి నిలబడితే, వెలుతురు మన వెనక నుంచి వస్తుంది. వాలబోయే పక్షి గాలికి ఎదురుగా, అంటే మన వైపుకు, తిరుగుతుంది. దాని ముఖం మీద, కంటి మీద, రెక్కల అడుగున వెలుగు పడుతుంది. సాయంత్రం సముద్రపు గాలి తూర్పు నుంచే వీస్తుంది కానీ పొద్దు పడమటికి మారిపోతుంది. అప్పుడు పక్షి ముఖం ఒక వైపు, వెలుతురు ఇంకో వైపు. తూర్పు తీరంలో పొద్దున్నే లేవాలనడానికి ఇదే కారణం. కంటిలో చిన్న వెలుగు చుక్క లేని పక్షి బొమ్మలో ప్రాణం కనబడదు.

మూడోది వేగం. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో ఎగిరే పక్షి సెకనుకు 10 మీటర్లు పోతుంది. కెమెరా తలుపు (షట్టర్) సెకనులో 250వ వంతు తెరిచి ఉంచితే ఆ కాస్తలోనే పక్షి 4 సెంటీమీటర్లు జరుగుతుంది, బొమ్మ చెదిరిపోతుంది. 2000వ వంతుకు తగ్గిస్తే 5 మిల్లీమీటర్లే. రెక్క కొస శరీరం కంటే వేగంగా కదులుతుంది కాబట్టి చిన్న పిట్టలకు 3200వ వంతు దాకా పోవాల్సి వస్తుంది. కొంగలకూ గూడబాతులకూ అంత అవసరం లేదు. పక్షితో పాటే కెమెరాను తిప్పుతూ, దాని వేగాన్నీ మన చేతి వేగాన్నీ ఒకటి చేయగలిగితే తలుపు అంతకంటే ఎక్కువసేపు తెరిచినా కన్ను స్ఫుటంగా వస్తుంది. రెక్కలు మాత్రం మసకగా కదులుతున్నట్టు ఉంటాయి. ఆ మసక కూడా ఒక నిజమే. ఎగరడంలోని కదలికను అదే పట్టిస్తుంది.

ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు పక్షి కన్నును వాటంతట అవే గుర్తుపట్టి వెంటాడతాయి. సెకనుకు 20, 30 ఫొటోలు తీస్తాయి. కొన్నైతే మనం మీట నొక్కడానికి ముందు క్షణాలను కూడా దాచి ఇస్తాయి. చేతి నేర్పులో చాలా భాగాన్ని యంత్రం తీసుకుంది. దీన్ని చూసి బాధపడే పాతకాలపు ఫొటోగ్రాఫర్లు ఉన్నారు. నాకు మాత్రం ఇది మేలనే అనిపిస్తుంది. వేగం యంత్రానికి వదిలేశాక మనిషి చేయాల్సిన పని మిగిలే ఉంది. పక్షి ఎటు పోతుందో, ఎందుకు పోతుందో ఏ కెమెరా చెప్పలేదు. లకుముకి పిట్ట తల పైకీ కిందికీ ఊపడం మొదలుపెట్టిందంటే నీళ్లలో చేప దూరాన్ని అంచనా వేస్తోందన్నమాట. కొంగ మెడ ముందుకు వంచి గాలికి ఎదురు తిరిగిందంటే లేవబోతోందన్నమాట. ఆ చిన్న గుర్తులను చదవడం చూపుకూ ఓపికకూ సంబంధించిన చదువు.

ఎగిరే పక్షిని బొమ్మగా నిలపాలన్న కోరిక పుట్టింది కూడా కారణం వెతకడంలోనే. ఫ్రాన్స్‌కు చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే 1882లో తుపాకీ ఆకారంలో ఓ కెమెరా తయారు చేశాడు. భుజానికి ఆనించి, గురి చూసి, మీట నొక్కితే సెకనుకు 12 బొమ్మలు పడేవి. ఇటలీలో నేపుల్స్ దగ్గర సముద్రం ఒడ్డున సీగల్స్ మీద దాన్ని ఎక్కుపెట్టాడు. ఆ తర్వాత ఒకే పలక మీద వరస కదలికలను పట్టే పద్ధతి కనిపెట్టి, గూడబాతు నేలకు దిగే తీరును అంచెలంచెలుగా చూపించాడు. రెక్క ముందుకు ఎలా వస్తుంది, ఎప్పుడు మడుచుకుంటుంది, గాలిని ఎక్కడ నెడుతుంది అన్నవి ఆయన ప్రశ్నలు. 1890లో పక్షుల ఎగురుడు మీద పెద్ద గ్రంథమే వెలువరించాడు. మనిషి కన్ను అంతవరకూ ఎన్నడూ చూడని దృశ్యాలు అవి. మన కంటికి రెక్కల ఊపు కనిపిస్తుంది కానీ, వాలే క్షణంలో రెక్క ముందంచున బొటనవేలిలా లేచే చిన్న ఈకల కట్ట కనబడదు. వేగం తగ్గినప్పుడు గాలి రెక్కను వదిలిపోకుండా పట్టి ఉంచేది ఆ ఈకలే. ఇవాళ జువ్వలదిన్నె ఒడ్డున గరుడ పక్షి దిగుతుండగా తీసిన మామూలు ఫొటోలో కూడా ఆ ఈకల కట్టను వేలు పెట్టి చూపించవచ్చు.

మారే తుపాకీలో గుండు లేదు. అతనికి ముందటి తరం వాళ్ల చేతుల్లో ఉన్నది నిజమైన తుపాకీయే. నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్ మన పక్షుల గురించి గొప్ప పని చేశాడు. ఆయన భారతీయ పక్షుల చిత్రాల గ్రంథం 1840లలో మద్రాసు నుంచి వెలువడింది. పెన్నా పరీవాహకంలో బతికే కలివికోడిని శాస్త్రలోకానికి పరిచయం చేసింది ఆయనే. 1848లో దానికి శాస్త్రీయ నామం వచ్చింది. 1900 తర్వాత అది కనబడక, అంతరించిపోయిందనుకున్నాక, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. ఆ రోజుల్లో పక్షికి పేరు పెట్టాలంటే దాన్ని చంపి, చర్మం ఒలిచి, దూది కూరి పెట్టుకోవాల్సిందే. వాళ్లకు వేరే దారి లేదు, వాళ్ల పనిని తక్కువ చేయడం న్యాయం కాదు. కానీ వాళ్లకు లేని దారి మనకుంది. పక్షిని పోల్చుకునే పని ఇవాళ చాలాసార్లు ఎగిరే పక్షి ఫొటోతోనే అయిపోతుంది.

చలికాలంలో మా తీరానికి వచ్చే సీగల్స్‌నే తీసుకోండి. గోధుమ తల గల్, నల్ల తల గల్ అని రెండు రకాలు. ఇక్కడికి వచ్చేసరికి రెండింటికీ తల రంగు పోయి, చెవి దగ్గర ఓ మచ్చ మాత్రమే మిగులుతుంది. ఇసుక మీద కూర్చుంటే పోల్చుకోవడం కష్టం. రెక్క విప్పితే సంగతి తేటతెల్లం. గోధుమ తలదాని రెక్క కొస వెడల్పుగా నల్లగా ఉండి, అందులో తెల్లటి మచ్చలుంటాయి. నల్ల తలదానికి రెక్క ముందంచు పొడవునా తెల్లటి చార ఉంటుంది. ఈకలు రాలి కొత్తవి వచ్చే తీరు చూస్తే పక్షి వయసు కూడా చెప్పవచ్చు. ఆ గోధుమ తలవి పిల్లలు చేసేది టిబెట్ పీఠభూమి సరస్సుల దగ్గర, మధ్య ఆసియా ఎత్తైన నేలల్లో. అక్కణ్నుంచి వచ్చి మన వలల దగ్గర చిన్న చేపలు ఏరుకుంటున్నాయి. ఏ పక్షి కాలికైనా శాస్త్రవేత్తలు వేసిన ఉంగరం ఉంటే, దాని మీది అక్షరాలు ఫొటోలో చదవగలిగితే, ఆ పక్షికి ఉంగరం ఎక్కడ వేశారో తేలుతుంది. ముట్టుకోకుండా, బెదిరించకుండా తెలుసుకోగలిగిన చరిత్ర అది.

ఇలా సరదాగా చూసేవాళ్ల పరిశీలనలన్నీ కలిస్తే ఎంత పెద్ద జ్ఞానమవుతుందో 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక చూపించింది. దేశమంతటా దాదాపు 30,000 మంది పక్షి ప్రేమికులు నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనల ఆధారంగా 942 జాతుల స్థితిని అంచనా వేశారు. మన ప్రాంతంలోనూ ఈ అలవాటు కొత్తది కాదు. 1980లో హైదరాబాదులో మొదలైన ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘం తన పత్రికకు 'పిట్ట' అనే పేరు పెట్టుకుంది. ఫొటోను తేదీతో, చోటుతో సహా ఈబర్డ్ అనే పక్షి పరిశీలనల వెబ్‌సైట్‌లో పెట్టినవాడు అందమైన బొమ్మతో పాటు ఒక సాక్ష్యాన్ని కూడా ఇస్తున్నాడు.

ఎగిరితేనే అసలు రూపం బయటపడే పక్షుల్లో ఇంకోటి పాలపిట్ట. తీగ మీద కూర్చున్నప్పుడు మట్టి రంగు వీపుతో సాదాగా ఉంటుంది. దాటిపోయేవాళ్లు రెండోసారి చూడరు. అది రెక్క విప్పిన క్షణాన ముదురు నీలం, లేత నీలం పట్టీలు పట్టీలుగా వెలిగిపోతాయి. ఆ పక్షి అందమంతా ఎగరడంలోనే ఉంది. దసరా నాడు పాలపిట్టను చూడటం శుభమని తెలుగువాళ్లు ఊరి పొలిమేర దాటి, జమ్మిచెట్టు దాకా నడిచి, పొలాల వైపు చూసేవాళ్లు. తెలంగాణకు అది రాష్ట్ర పక్షి. ఉమ్మడి రాష్ట్రానికీ అదే. చూడటానికి నడిచి వెళ్లడం, కనబడేదాకా వెతకడం ఆ ఆచారంలోని అసలు విషయం. కొన్నిచోట్ల పండగ నాటికి దాన్ని పట్టి, పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని చూపిస్తున్నారు. కాళ్లు కట్టేస్తున్నారు, రెక్కలకు జిగురు పూస్తున్నారు. వాళ్లు చూపించేది పాలపిట్టను కాదు. రెక్క విప్పని పాలపిట్టలో పాలపిట్ట లేదు. శుభం కోసం చూసేది దాన్ని కట్టిపడేసి చూస్తే అందులో శుభమెక్కడిది?

పంజరానికి ఆవలి కొసన ఇంకో తప్పు ఉంది. ఎగరనివ్వకపోవడం ఎంత తప్పో, బలవంతంగా ఎగిరించడం అంతే తప్పు. పులికాట్‌లో ఫ్లెమింగోల గుంపు ఒక్కసారిగా లేస్తే ఆకాశం గులాబీ రంగవుతుంది. ఆ బొమ్మ కోసం కేకలు వేసేవాళ్లు, చప్పట్లు కొట్టేవాళ్లు, పడవను గుంపు మీదికి తోలించేవాళ్లు, డ్రోన్ ఎగరేసేవాళ్లు ఉన్నారు. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన ఉల్లంకి పిట్టలు తిరుగు ప్రయాణానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకుంటుంటాయి. వాటిని ఒక పూటలో పదేపదే లేపితే ఆ కొవ్వు కరిగిపోతుంది, మేత సమయం పోతుంది. గూళ్ల దగ్గర నష్టం ఇంకా ఎక్కువ. 1976లో అభయారణ్యంగా ప్రకటించిన నేలపట్టులో, నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు పిల్లలను పెంచుతాయి. తల్లి లేస్తే కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. ఈకలు రాని పిల్లలు ఎండకు తాళలేవు.

ఇందులో నన్ను ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. భయంతో లేచిన పక్షి దాదాపు ఎప్పుడూ మనకు దూరంగానే ఎగురుతుంది. కాబట్టి బెదిరించి తీసిన ఫొటోలో పక్షి వీపు, తోక, పైకి తేలిన కాళ్లు కనబడతాయి. ముఖం కనబడదు. మేత కోసం, గూటి కోసం తన దారిన తాను వచ్చే పక్షి మాత్రం ముఖం చూపిస్తుంది. నేలపట్టులో కాచుకుని కూర్చుంటే గూడబాతు ముక్కున పుల్ల పట్టుకుని ఎదురుగా దిగుతుంది. ఆ పుల్లే కారణం, ఎవరూ వివరించక్కర్లేదు. అంటే ఇక్కడ ధర్మానికీ అందానికీ తగాదా లేదు. పక్షికి మేలైన పద్ధతే బొమ్మకూ మేలైన పద్ధతి. ఇలా రెండూ ఒకే దారిలో నడిచే కళలు ఎక్కువ లేవు. నేను ఈ సరదాను ఇంతగా ప్రేమించడానికి ఇదే అసలు కారణం కావచ్చు.

కూర్చున్న పక్షి మేయడం ఆపి, మెడ నిటారుగా చాచి మన వైపు చూసిందంటే మనం హద్దు దాటామని అర్థం. అక్కడే ఆగిపోవాలి, వీలైతే రెండడుగులు వెనక్కి వేయాలి. కాసేపటికి మళ్లీ తల వంచి మేత మొదలుపెడితే మనల్ని లెక్కలోంచి తీసేసిందన్నమాట. ఆ తర్వాత అది ఎప్పుడు లేచినా తన ఇష్టంతోనే లేస్తుంది.

మా తీరం వేగంగా మారుతోంది. జువ్వలదిన్నెలో కొత్త ఫిషింగ్ హార్బర్ వచ్చింది, ఉత్తరాన రామాయపట్నంలో ఓడరేవు లేస్తోంది, కయ్యలు రొయ్యల గుంటలవుతున్నాయి, గుంటల మీద పక్షులు వాలకుండా తాళ్లు, వలలు కడుతున్నారు. బతుకుతెరువు కోసం మనుషులు చేసే మార్పులను నేను తప్పుపట్టను. వాటితో పాటు పక్షుల కారణాలూ మారతాయి. దమ్ము చేసే కయ్య లేని చోటికి మీసాల టెర్న్ ఎందుకొస్తుంది? పక్షి మాయమవడానికి ముందు దాని కారణం మాయమవుతుంది. దాన్ని ముందుగా పసిగట్టగలిగేది రోజూ అదే గెనిమ మీద కూర్చుని చూసేవాళ్లే. ఊళ్లో పదిమంది కుర్రాళ్లు కెమెరాలతోనో, జూమ్ ఉన్న ఫోన్లతోనో ఇలా చూస్తూ ఉంటే, ఈ తీరం ఏం పోగొట్టుకుంటోందో, ఏం నిలుపుకుంటోందో చెప్పగల సాక్షులు మనకుంటారు.

అందుకే ఈ చలికాలం కెమెరా పట్టబోయే పిల్లలను ఒక్కటి అడుగుతున్నాను. ఫొటో కింద పక్షి పేరు, ఊరు, తేదీ రాస్తారు కదా. వాటి పక్కనే ఇంకో మాట చేర్చండి: ఎందుకు ఎగిరింది? పురుగు కోసమని రాయండి, పుల్ల తేవడానికని రాయండి, గద్దను తరమడానికని రాయండి. తెలియకపోతే రేపు మళ్లీ వెళ్లి, తెలిసేదాకా చూడండి. మీ వల్లే లేచిందని రాయాల్సి వస్తే, ఆ ఫొటోను ఎవరికీ చూపించకండి. పక్షి తన పని మీద తాను ఎగిరిన బొమ్మలే మన ఊరి పేరుతో లోకానికి వెళ్లాలి.